వెనక చక్రం గేర్లు ఇంట్లోనే విప్పడం: ముందు ఫ్రీవీలా, క్యాసెట్టా తేల్చుకోండి

వెనక చక్రానికి గేర్ల గుత్తిని రెండు రకాలుగా బిగిస్తారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ విప్పే పద్ధతి వేరు, పనిముట్లు వేరు. ఒకదాని పనిముట్టుతో రెండోదాన్ని విప్పబోతే లోపలి గాడులు అరిగిపోతాయి. ఆ తర్వాత సరైన పనిముట్టు తెచ్చినా దానికి పట్టు దొరకదు. కాబట్టి పానా చేతిలోకి తీసుకునే ముందే మీ చక్రం ఏ రకమో తేల్చుకోండి.

ఫ్రీవీల్ అంటే గేర్లు, వెనక్కి తొక్కితే టకటకలాడే రాచెట్, అన్నీ ఒకే ముద్దగా ఉండే గుత్తి. దాని లోపల మరలుంటాయి. హబ్బు (ఊచలన్నీ కలిసే చక్రం మధ్య భాగం) మీద అది ఒక పెద్ద నట్టులా ఎక్కి కూర్చుంటుంది. క్యాసెట్‌లో రాచెట్ హబ్బులో భాగం. దాన్ని ఫ్రీహబ్ అంటారు. గేర్లు దాని నిలువు గాడుల మీదుగా జారి కూర్చుంటే, పైన ఒక లాక్‌రింగ్ వాటిని నొక్కి పట్టి ఉంచుతుంది.

తేడా కనిపెట్టడానికి నిమిషం చాలు. చక్రం ఊడదీసి, చిన్న గేరు మధ్యలో యాక్సిల్ చుట్టూ చూడండి. పనిముట్టు దూరేందుకు గాడులు ఉంటాయి. చక్రాన్ని కదలకుండా పట్టుకుని గేర్లను టకటకమనే వైపు తిప్పండి. గేర్లతో పాటు ఆ గాడులూ తిరిగితే క్యాసెట్. గేర్లు తిరుగుతున్నా గాడులు ఉన్నచోటే ఉంటే ఫ్రీవీల్. గేర్ల సంఖ్య చూసి ఊహించడం అంత నమ్మదగ్గ పని కాదు. 5, 6 గేర్లయితే దాదాపు ఫ్రీవీలే. 7 అయితే రెండింటిలో ఏదైనా కావచ్చు. 8 దాటితే ఎక్కువగా క్యాసెట్టే, కానీ 8, 9, 10 గేర్ల ఫ్రీవీళ్లు కూడా ఉన్నాయి.

ఇంకో మాట. శుభ్రం చేయడానికి మాత్రమే అయితే గేర్లు విప్పనక్కర్లేదు. పాత బనీను గుడ్డను పేలికలుగా చింపి, ఒక్కో పేలికను రెండు గేర్ల మధ్య దూర్చి ముందుకూ వెనక్కూ లాగితే మురికి వచ్చేస్తుంది. గేర్ల వైపు ఊచ తెగినప్పుడు, హబ్బు లోపలి బేరింగు గుళ్లకు గ్రీజు పెట్టాల్సి వచ్చినప్పుడు, పళ్లు అరిగి కొత్త చైన్ జారుతున్నప్పుడు మాత్రం విప్పక తప్పదు.

చక్రం ఊడదీయడం

చైన్‌ను అన్నిటికంటే చిన్న గేరు మీదికి తెచ్చుకోండి. రిమ్ము బ్రేకులుంటే తీగ వదులు చేయండి, లేకపోతే టైరు మధ్యలో ఇరుక్కుంటుంది. డిస్కు బ్రేకులైతే చక్రం తీశాక బ్రేకు లివర్ నొక్కకండి. హైడ్రాలిక్ బ్రేకయితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్లీ దూరదు. యాక్సిల్ నట్లు సాధారణంగా 15 మిల్లీమీటర్ల పానాకు సరిపోతాయి. క్విక్ రిలీజ్ (నట్ల బదులు లివర్‌తో బిగించే కడ్డీ) ఉంటే కడ్డీని పూర్తిగా బయటికి లాగేసి, దాని మీది రెండు స్ప్రింగులను జాగ్రత్త చేయండి. బిగించేటప్పుడు వాటి సన్నటి కొన హబ్బు వైపు ఉండాలి. నట్లు, వాషర్లు ఏ వైపువి ఆ వైపే, వచ్చిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చుకోండి. టైరులో గాలి తీయకండి, పనికొస్తుంది.

ఫ్రీవీల్ అయితే

కావలసినవి మూడు: మీ ఫ్రీవీల్‌కు సరిపోయే రిమూవర్, పొడుగు పిడి ఉన్న పానా లేదా బెంచి వైస్, కాస్త గ్రీజు.

ఈ మూడింట్లో రిమూవరే తలనొప్పి. ఇప్పటి ఫ్రీవీళ్లలో ఎక్కువ భాగం లోపల 12 సన్న గాడులతో వస్తాయి. పాతవాటికి 2 లేదా 4 లోతైన కోతలు, కొన్నిటికి 20 గాడులు ఉంటాయి. గాడులు లెక్కపెట్టండి, వాటి అడ్డు కొలత తీసుకోండి, ఆ తర్వాతే కొనండి. క్యాసెట్ లాక్‌రింగ్‌కూ 12 గాడులే ఉంటాయి. రెండు పనిముట్లూ చూపుకు కవల పిల్లల్లా ఉన్నా వ్యాసంలో అర మిల్లీమీటరులోపు తేడా ఉంది. ఒకదాన్ని రెండోదాని బదులు వాడితే పూర్తిగా దిగదు, లేదా దిగినా వదులుగా ఆడుతుంది. సరైనది చేత్తో నొక్కితే అడుగుదాకా దిగి, ఇటూ అటూ కదిపినా ఆడదు.

కొన్ని చవక చక్రాల్లో యాక్సిల్ మీది లాక్‌నట్టు మరీ పెద్దదిగా ఉండి రిమూవర్‌ను లోపలికి దిగనివ్వదు. అప్పుడు కుడివైపు లాక్‌నట్టు, దాని కింది స్పేసర్ తీయాలి. వాటి కింద గుళ్లను అదిమి ఉంచే కోన్‌ను మాత్రం కదపకండి. కోన్ వదులైతే గుళ్లు రాలతాయి. వెనక హబ్బుల్లో సాధారణంగా ఒక్కో వైపు పావు అంగుళం గుళ్లు 9 ఉంటాయి, ఒకటి పోయినా వెతుక్కోవాల్సిందే. హబ్బులో మోటారున్న ఎలక్ట్రిక్ సైకిల్ అయితే యాక్సిల్ లావుగా ఉంటుంది, కొన్నిటికి తీగ కూడా గేర్ల వైపునుంచే వస్తుంది. ఆ యాక్సిల్, తీగ కనెక్టర్ రెండూ దూరేంత పెద్ద బెజ్జం ఉన్న రిమూవర్ కావాలి.

ఇప్పుడు అసలు పని. రిమూవర్‌ను గాడుల్లో దింపి, దాని మీదుగా యాక్సిల్ నట్టునో, స్ప్రింగులు తీసేసిన క్విక్ రిలీజ్ కడ్డీనో ఎక్కించి చేత్తో బిగించండి. ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత గాడులు అరిగాయని బాధపడతారు. పానా మీద ఒంటి బరువంతా వేసినప్పుడు రిమూవర్ ఒక పక్కకు ఒరిగి పైకి లేస్తుంది. అలా లేచిన క్షణంలోనే గాడి అంచులు చెక్కుకుపోతాయి, మీ వేళ్ల కణుపులు వెళ్లి గేరు పళ్లకు తగులుతాయి. నట్టు ఉంటే రిమూవర్ లేవడానికి దారి ఉండదు.

వైస్ ఉంటే పని సులువు. రిమూవర్ చదును ముఖాలు వైస్‌లో గట్టిగా పట్టేలా, గేర్లు కిందికి ఉండేలా చక్రాన్ని పడుకోబెట్టండి. రిమ్మును రెండు చేతులా పట్టుకుని, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పండి. రిమ్మంత పెద్ద పిడి దొరికినట్టే కాబట్టి మామూలుగా మొండికేసినవి కూడా ఇలా కదులుతాయి.

వైస్ లేకపోతే చక్రాన్ని నిలబెట్టి గోడకు ఆనించండి, గేర్లు మీ వైపు ఉండాలి. రిమూవర్‌కు పానా పట్టించి, పిడి మీ ఎడమ పక్కకు నేలకు సమాంతరంగా వచ్చేలా పెట్టి కిందికి నొక్కండి. అది విప్పే వైపు. టైరులో గాలి నిండుగా ఉంటే నేలను పట్టుకుని ఉంటుంది, చక్రం జారదు. పానా పిడి కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి. చాలకపోతే పిడికి ఇనప గొట్టం తొడిగి పొడుగు పెంచుకోవచ్చు. చేతికి మందపాటి తొడుగు వేసుకోండి, గేర్ల మీద ఒక గుడ్డ కప్పండి.

ఫ్రీవీల్ ఎందుకింత బిగుస్తుందంటే, ప్రతి తొక్కుడూ దాన్ని ఇంకాస్త బిగిస్తూ పోతుంది. గేర్లు తిరిగే దిశా, మరలు బిగిసే దిశా ఒకటే. ఏళ్ల తరబడి ఎత్తులు ఎక్కిన సైకిల్‌కు ఈ బిగువు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. అందుకే మొదటి కదలికకే బలమంతా కావాలి. టక్కుమని కదలగానే ఆగండి. ఫ్రీవీల్ విప్పుకుంటూ బయటికి వస్తుంది, దానితో రిమూవరూ వచ్చి నట్టును తన్నుతుంది. ఆగకుండా తిప్పితే యాక్సిల్ వంగుతుంది, కడ్డీ అయితే తెగుతుంది. నట్టును రెండు చుట్లు వదులు చేసి, ఇంకో పావు చుట్టు తిప్పి, నట్టు తీసేసి, మిగిలింది చేత్తోనే తిప్పి తీసేయండి. వెనక ఉన్న ప్లాస్టిక్ ఊచల రక్షణ పళ్లెం కూడా ఊడివస్తుంది.

కదలకపోతే

గేర్ల వెనక, ఫ్రీవీల్ హబ్బును కలిసే సందులో తుప్పు వదిలించే నూనె నాలుగైదు చుక్కలు వేయండి. చక్రాన్ని గేర్లు కిందికి ఉండేలా ఆనించి పడుకోబెడితే నూనె మరల్లోకి దిగుతుంది. రాత్రంతా వదిలేయండి. రిమ్ము మీదా డిస్కు మీదా చుక్క పడితే బ్రేకు పట్టదు, ముందే గుడ్డ కప్పుకోండి. మర్నాడు రిమూవర్ మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి మళ్లీ ప్రయత్నించండి. ఎడతెగని నొక్కుడు కంటే ఒక్కసారిగా వేసిన ఊపుకే తుప్పు పట్టు వదులుతుంది.

మంట పెట్టి వేడి చేయడం ఇక్కడ పనికిరాదు. హబ్బు అల్యూమినియం అయితే అది లోపల ఉంది, ఉక్కు ఫ్రీవీల్ బయట ఉంది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ ఉబ్బుతుంది. రెండూ కలిసి వేడెక్కితే పట్టు ఇంకా బిగుస్తుంది. పైగా గుళ్ల గ్రీజు కరిగిపోతుంది, ప్లాస్టిక్ పళ్లెం కాలిపోతుంది.

చక్రం ఎలాగూ పాతదైపోయింది, రిమ్ము మారుస్తున్నాం కదా అని ముందే ఊచలు కోసేయకండి. ఫ్రీవీల్ తీసిన తర్వాతే ఊచలు తీయాలి. రిమ్ము లేని హబ్బును పట్టుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు. మంచి హబ్బు ఇలా చేతులారా చెడగొట్టుకున్నవాళ్లు చాలామందే.

గాడులు పూర్తిగా అరిగిపోతే మిగిలేది ఫ్రీవీల్‌ను పాడుచేసుకునే దారే. చిన్న గేరు వైపు కనిపించే రెండు చిన్న బెజ్జాల మూతను మేకు, సుత్తితో గడియారం ముల్లు తిరిగే వైపే కొట్టి విప్పాలి, ఎందుకంటే దాని మర ఎడమ మర. విప్పగానే సన్న గుళ్లు డజన్ల కొద్దీ రాలతాయి, కింద పళ్లెం పెట్టుకోండి. గేర్ల పెంకు లేచి వచ్చాక లోపల మిగిలిన ఉక్కు ముక్కను వైస్‌లో పట్టించి, చక్రాన్ని తిప్పి విప్పాలి. మరమ్మతు కోసమైతే ఆ మూత జోలికి పోవద్దు. దాన్ని మళ్లీ కూర్చడం ఓపికకు పరీక్షే.

క్యాసెట్ అయితే

ఇక్కడ బలం తక్కువే కావాలి, చేతులు మాత్రం రెండూ కావాలి. లాక్‌రింగ్ పనిముట్టు, చైన్ విప్ (పిడికి చైన్ ముక్క బిగించిన పనిముట్టు), పానా ఉంటే చాలు. షిమానో, స్రామ్, సన్‌రేస్ క్యాసెట్లకు ఒకే పనిముట్టు సరిపోతుంది. కాంపాగ్నోలోకు గాడులు వేరు, దానికి వేరేది తీసుకోవాలి. యాక్సిల్‌లో దూరే కడ్డీ పనిముట్టుకే ఉంటే ఇంకా మేలు, అది పక్కకు ఒరగదు. మామూలుది అయితే క్విక్ రిలీజ్ కడ్డీతో అదిమి పెట్టండి.

చైన్ విప్ ఎందుకంటే, లాక్‌రింగ్‌ను విప్పే వైపు తిప్పితే గేర్లు కూడా దాంతో పాటే టకటకమంటూ తిరిగిపోతాయి. వాటిని ఎవరో ఒకరు ఆపాలి. చైన్ విప్ లేకపోతే పాత చైన్ 40 సెంటీమీటర్ల ముక్కను, రెండు బెజ్జాలు పెట్టిన ఇనప పట్టీకి బోల్టులతో బిగించి చేసుకోవచ్చు. చైన్ మాత్రం గేర్ల మధ్య ఇమడాలి. 11, 12 గేర్ల క్యాసెట్ల మధ్య సందు ఇరుకు, వాటికి ఆ రకం సన్న చైనే కావాలి.

చక్రాన్ని నిలబెట్టి, గేర్లు మీకు అవతలి వైపు ఉండేలా మోకాళ్లకు ఆనించుకోండి. పైనుంచి వంగి చైన్ విప్‌ను పెద్ద గేర్లలో రెండోదాని మీదో మూడోదాని మీదో చుట్టండి, పిడి ఎడమ చేతి వైపు రావాలి. పానా పిడి కుడి చేతి వైపు. రెండు పిడులూ కాస్త పైకి లేచి ఉన్నప్పుడు రెంటినీ ఒకేసారి కిందికి నొక్కండి. రెండు చేతుల ఒత్తిడీ ఒకే వైపు ఉంటే ఏది జారినా మీ చేతులు నేల వైపే పోతాయి, గేరు పళ్ల మీదికి కాదు. చైన్ విప్‌ను చిన్న గేరుకు చుడితే పట్టేది కొద్ది పళ్లే, అందుకే అది ఎగిరిపోతుంటుంది.

వదులయ్యేటప్పుడు కర్రుమని భయపెట్టే శబ్దం వస్తుంది. ఏమీ విరగలేదు. లాక్‌రింగ్ అడుగున, మొదటి గేరు మీద సన్న గరుకు పళ్లు ఉంటాయి, అవి ఒకదాని మీదనుంచి ఒకటి దూకిన చప్పుడది. బిగించేటప్పుడూ అదే వినిపిస్తుంది.

లాక్‌రింగ్ వచ్చాక చిన్న గేరు, దాని తర్వాతిది విడివిడిగా వస్తాయి. మిగతావి చాలా క్యాసెట్లలో రివెట్లతో కలిసి ఒకే కట్టగా ఉంటాయి. అన్నీ విడివిడిగా వచ్చేవైతే మధ్య స్పేసర్లు వేర్వేరు మందాల్లో ఉండొచ్చు. తీసినవి తీసినట్టే ఒక తీగకు గుచ్చి ముడి వేయండి. వరస తారుమారైతే గేర్లు పడకపోవడానికి కారణం డిరైలర్ (చైన్‌ను ఒక గేరు మీదినుంచి ఇంకో గేరు మీదికి జరిపే భాగం) అనుకుని గంటలు వృథా చేస్తారు. అట్టడుగున, పెద్ద గేరు వెనక ఒక పలచటి ఉంగరం ఫ్రీహబ్‌కే అతుక్కుని ఉండొచ్చు, దాన్ని గమనించండి.

కట్ట ఊడి రాకపోతే ఫ్రీహబ్ అల్యూమినియం అయి ఉంటుంది. ఉక్కు గేర్లు దాని గాడుల అంచుల్లోకి కోసుకుపోతాయి. పైకి లాగితే రావు. ఆ గేరుకు చైన్ విప్ చుట్టి, తొక్కే దిశకు ఎదురుగా చిన్నగా గుంజితే పట్టు వదిలి బయటికొస్తాయి. ఫ్రీహబ్ మీద పడిన గాట్ల అంచులను చదును ఆకురాయితో తేలిగ్గా రుద్దండి, గాడి వెడల్పు మాత్రం పెంచకండి.

మళ్లీ బిగించడం

ఫ్రీవీల్‌కు ముందు హబ్బు మరలను పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి గ్రీజు ధారాళంగా పూయండి. వచ్చేసారి విప్పడం సులువయ్యేది ఈ గ్రీజు వల్లే. ఫ్రీవీల్‌ను మరల మీద ఆనించి, ముందు విప్పే వైపు నెమ్మదిగా తిప్పండి. మర మొదలు దగ్గర చిన్నగా టక్కుమని పడినట్టు తెలుస్తుంది. అక్కడినుంచి బిగించే వైపు చేత్తోనే తిప్పండి. తేలిగ్గా తిరగకపోతే మర అడ్డంగా పట్టిందని అర్థం, వెంటనే వెనక్కి తీయండి. అల్యూమినియం మర ఒక్కసారి అడ్డం పడితే హబ్బు పనికిరాదు. పానాతో బిగించనక్కర్లేదు. పెద్ద గేరు వేసుకుని కొంచెం గట్టిగా తొక్కితే అదే చోటికి చేరుతుంది. అలా చేరాక ఒకసారి డిరైలర్ తీగ బిగువు చూసుకోండి, గేర్ల గుత్తి మిల్లీమీటరంత లోపలికి జరిగి ఉండొచ్చు.

క్యాసెట్‌కు ఫ్రీహబ్ గాడుల్లో ఒకటి మిగతావాటికంటే వెడల్పులో తేడాగా ఉంటుంది. గేర్లలోనూ దానికి జోడైన పన్ను ఉంటుంది, రెండూ కలిస్తేనే దిగుతుంది. బలవంతం చేయకుండా తిప్పుతూ కుదిర్చండి. లాక్‌రింగ్ మరలకు కాస్త గ్రీజు రాసి, మొదటి రెండు చుట్లు చేత్తోనే తిప్పండి. దీన్ని 40 న్యూటన్ మీటర్ల బిగువుకు బిగించాలి. బిగువు కొలిచే టార్క్ పానా లేకపోతే, 25 సెంటీమీటర్ల పిడి చివర 16 కిలోల బరువు వేలాడితే ఎంత లాగుతుందో అంత నొక్కండి. ఇక్కడ చైన్ విప్ అక్కర్లేదు, బిగించే వైపు ఫ్రీహబ్ తిరగదు.

బిగించాక గేర్లు అటూ ఇటూ గలగల ఆడుతుంటే స్పేసర్ తప్పింది. 8, 9, 10 గేర్లకు చేసిన ఫ్రీహబ్ మీద 7 గేర్ల క్యాసెట్ వేస్తే వెనక 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ కావాలి. రోడ్డు సైకిళ్ల 11 గేర్ల ఫ్రీహబ్ మీద 8 లేదా 9 గేర్లది వేస్తే 1.85 మిల్లీమీటర్లది. షిమానో 10 గేర్ల రోడ్డు క్యాసెట్‌కు దానితోపాటు ఇంకో 1 మిల్లీమీటరు ఉంగరం కూడా పెట్టాలి. లాక్‌రింగ్ కూడా చిన్న గేరును బట్టే మారుతుంది. 11 పళ్ల గేరుకు వేసేది చిన్నది, 12 లేదా అంతకు మించిన పళ్లదానికి వేసేది పెద్దది. పాతదాన్ని కొత్తదానికి వేసే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, పెద్దది వేస్తే చైన్ దానికి రాసుకుని చిన్న గేరు మీద కూర్చోదు.

చక్రం సైకిల్‌కు ఎక్కించాక పెడల్ చేత్తో తిప్పుతూ చిన్న గేరు, పెద్ద గేరు రెండింటి మీదికీ చైన్ పంపండి. చిన్న గేరు దగ్గర చైన్ ఫ్రేముకు తగలకూడదు, పెద్ద గేరు దగ్గర డిరైలర్ ఊచలను తాకకూడదు. గేర్ల సంఖ్యో వెడల్పో మార్చి ఉంటే ఈ పరీక్ష చేయకుండా సైకిల్ ఎక్కకండి. డిరైలర్ ఊచల్లో పడితే చక్రం, డిరైలర్, దాన్ని పట్టుకున్న ఫ్రేము చెవి మూడూ ఒకేసారి పోతాయి. డిరైలర్ మీది రెండు స్క్రూలతో ఆ హద్దులు సరిచేసి, వదులు చేసిన బ్రేకు తీగను మళ్లీ తగిలించడం మరచిపోకండి.